హిచ్ పెట్టించిన పెద్దమనిషి

పోయిన శనివారం కిరాణా కొట్టు పార్కింగ్‌లో రెండు కార్ల మధ్యనుంచి అడ్డదారిన వస్తుంటే మోకాలి కింద ఎముకకి ఇనుము తగిలి ప్రాణం జివ్వుమంది. వంగి చూస్తే ఎవరిదో చిన్న ఎస్‌యూవీ. దాని వెనక నలుపలకల ఇనప గొట్టం, గొట్టంలో దూర్చిన కడ్డీ, కడ్డీ చివర నిమ్మకాయంత ఇనప బంతి. సామాన్ల ట్రైలర్‌ని వెనక తగిలించుకుని లాగడానికి పెట్టే హిచ్. ట్రైలర్ తగిలించనప్పుడు ఆ కడ్డీని ఊడదీసి లోపల పెట్టుకోవాలన్న ఇంగితం జనానికి ఉండదు. కాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నొప్పితో పాటే ఆయన గుర్తొచ్చాడు. కాసేపటికి నొప్పి తగ్గింది గానీ రోత తగ్గలేదు.

పేరు చెప్పను. ఆ రోజుల్లో ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు కూడా. డెబ్భైల చివర మేము చాండ్లర్ వచ్చేసరికి అందరికీ పెద్దదిక్కు ఆయనే. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మెకానికల్ ఇంజనీరు. మావారు పనిచేసే కంపెనీలోనే మేనేజరు. మేమంతా "అన్నయ్యగారూ" అనేవాళ్ళం, పిల్లలు "అంకుల్" అనేవాళ్ళు. కొత్తగా ఎవరొచ్చినా ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చేది ఆయనే. మొదటి వారం అన్నం వాళ్ళింట్లోనే. డ్రైవింగ్ టెస్టుకి, అపార్ట్‌మెంట్ వెతకడానికి వెంట వచ్చేది కూడా ఆయనే. చేసిన సాయం చేయలేదని నేననను. అన్నం పెట్టిన మనిషిని ఏమైనా అనాలంటే ఎవరికైనా నోరు రాదు, ఆయనకి అది బాగా తెలుసు.

కుడిచేతికి నవరత్నాల ఉంగరం ఒకటి ఉండేది. ఏ వస్తువు కనిపించినా దాంతో టక్ టక్‌మని కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. బంపర్, గోడ, పుచ్చకాయ, కొత్త ఇంటి తలుపు, దేన్నీ వదిలేవాడు కాదు. విన్నాక తీర్పు చెప్పేవాడు. "గట్టిది" అనో, "డొల్ల" అనో. ఒకసారి మా అబ్బాయి నెత్తిమీద కొట్టి డొల్ల అని తేల్చాడు. వాడికప్పుడు నాలుగేళ్ళు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం.

కారు తాళంచెవితో చెవిలో గుబిలి తీసుకునేవాడు. తన తాళంచెవితో కాదు, ఎదుటివాళ్ళ తాళంచెవితో. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీదున్న నా తాళాలు అందుకుని, ఒక కన్ను మూసి, తల వంచి, ఇంజిన్ స్టార్ట్ చేసినట్టు రెండు తిప్పులు తిప్పేవాడు. బయటికి తీసి చూసుకుని, ప్యాంటుకి రాసి, నా చేతిలో పెట్టేవాడు. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మలమూత్రాలు, కఫాలు రోజూ చూసేదాన్ని. అయినా ఆ తాళంచెవిని స్పిరిట్‌తో తుడవందే ముట్టుకోబుద్ధయ్యేది కాదు. బానెట్ ఎత్తి ఇంజిన్ కెలికిన చేతుల్ని మా వంటింటి తువ్వాలుకి తుడిచి, అదే చేత్తో పకోడీల పళ్ళెం అడుగుదాకా వెతికేవాడు. కరకరలాడేవి అడుగున ఉంటాయిట. ఆ తర్వాత ఆ పళ్ళెం జోలికి నేను పోయేదాన్ని కాదు, మిగతావాళ్ళు మాత్రం శుభ్రంగా తినేవాళ్ళు.

కారులో పక్క సీట్లో కూర్చుంటే ఇక నడిపేది ఆయనే. ఒక చెయ్యి డాష్‌బోర్డ్ మీద, లేని బ్రేక్ మీద కుడికాలు. "లెఫ్ట్ తీసుకోమ్మా, లెఫ్ట్. వాణ్ణి పోనీ. ఇప్పుడు తొక్కు." అడక్కుండానే ఏసీ తగ్గించేవాడు, అద్దం తన వైపు తిప్పుకునేవాడు. ఏమైనా అంటే ఒకటే మాట: "ఏం ఫర్వాలేదమ్మా, నేనున్నాగా."

ఎనభైల మధ్యలో మేము రెండు తలుపుల చిన్న జీపు లాంటి బండి కొన్నాం. ఇప్పుడు వీధివీధినా తిరుగుతున్న చిన్న ఎస్‌యూవీలకి అది తాత. పొట్టిది, ఎత్తుగా ఉండేది, నాకు ప్రాణం. అమెరికాలో నా పేరు మీద కొన్న మొదటి వస్తువు అదే. ఆయన వచ్చి ఉంగరంతో నాలుగు పక్కలా కొట్టి చూశాడు.

"గట్టిదే. దీనికి హిచ్ పెట్టించమ్మా. మన తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు మారినా ట్రైలర్ తగిలించి లాగేయొచ్చు."

"మీ కారు పెద్దది కదా అన్నయ్యగారూ, దానికి పెట్టించొచ్చుగా?"

"నా బంపర్ పాడవుతుందమ్మా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

మావారు సరేనన్నారు. మేనేజరు మాట మరి. పక్క ఊరు మేసాలో హిచ్‌లు బిగించే షాపుకి నన్ను ఆయనే తీసుకెళ్ళాడు. అంటే నా బండిలో నేను డ్రైవ్ చేస్తుంటే ఆయన కూర్చున్నాడు. షాపతను ముసలి అమెరికన్, మాట నెమ్మది. ముందు బండి కిందికి దూరి చూశాడు. ఆ తర్వాత గ్లవ్ బాక్స్‌లోంచి బండి పుస్తకం తియ్యమని, పేజీ వెతికి నాకు చూపించాడు. ఈ బండి రెండు వేల పౌన్లకి మించి లాగకూడదు, అది కూడా ట్రైలర్ బరువుతో కలిపి. దానికి తగ్గ చిన్న రిసీవర్ చాలన్నాడు. రిసీవర్ అంటే ఆ నలుపలకల గొట్టం. బంపర్‌కి కాదు, బండి కింది ఫ్రేమ్‌కి బోల్టులతో బిగిస్తారు.

ఆయన వినలేదు. గోడకి వేలాడదీసిన హిచ్‌లన్నిటినీ ఉంగరంతో వరసగా కొట్టుకుంటూ వెళ్ళి, ఒక లావుపాటి దాని దగ్గర ఆగాడు. "ఇదెంత?"

"మూడున్నర వేల పౌన్లది."

"ఇదే బిగించండి. అప్పుడు మూడున్నర వేలు లాగుతుంది."

షాపతను గడ్డం గీరుకున్నాడు. "హిచ్ ఏమీ లాగదు సార్, లాగేది బండి" అన్నాడు.

ఇందులో అర్థం కానిదేముంది? కాడి లావుదైనంత మాత్రాన ఎద్దుకి బలం వస్తుందా? మా ఊళ్ళో పలుపు పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతి. కానీ ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా వైపు తిరిగి తెలుగులో, "వీడికి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఏం తెలుసమ్మా, నేను ఎమ్మెస్ చేశాను" అన్నాడు. ఆ ముసలాయనకి తెలుగు రాకపోయినా మొహం చూస్తే అర్థమైపోయింది. సిగ్గుతో నాకు చెవులు కాలాయి. లావుపాటిదే బిగించారు.

ఆయన బయట ఎవరి ట్రక్కు బంపర్‌నో వాయిస్తుంటే, నేను షాపతన్ని అడిగి నేర్చుకున్నాను. ట్రైలర్లో బరువైన సామాను ముందుకి, ఇరుసుకి కాస్త ముందుగా ఉండాలి. మొత్తం బరువులో పదో వంతైనా బంతి మీద పడాలి. వెనక బరువెక్కువైతే ట్రైలర్ పక్కలకి ఊగుతుంది. "ఊగితే గ్యాస్ పెడల్ మీంచి కాలు తియ్యి. స్టీరింగ్ నిటారుగా పట్టుకో. ఇంకేమీ చెయ్యకు. బ్రేక్ తొక్కకు, పక్కకి తిప్పకు. దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు. నా చేత రెండుసార్లు వెనక్కి చెప్పించుకున్నాడు కూడా.

హిచ్ పెట్టిన మొదటి నెలలోనే మా బండి తెలుగువాళ్ళందరి ఎద్దయింది. తన ఆఫీసులో ఒక అమెరికన్ దగ్గర ప్లైవుడ్ పెట్టె బిగించిన పాత ట్రైలర్ ఒకటి ఆయన సంపాదించాడు. ఒకటే ఇరుసు, తలుపు వెనక. మొట్టమొదట లాగింది ఆయనింటి ముందు పరచడానికి గులకరాళ్ళు. ట్రైలర్ ముందు భాగమంతా రాళ్ళు నింపితే బండి వెనక చతికిలబడి, ముందు చక్రాలు నేలకి ఆనీ ఆనకుండా నడిచింది. ఆ తర్వాత ఉగాదికి గంగాళాలు, ఎవరిదో సోఫా, ఎవరిదో మంచం. అడిగేవాళ్ళు నన్ను కాదు, ఆయన్ని అడిగేవాళ్ళు. ఆయన ఫోన్ చేసి, "అమ్మా, శనివారం బండి కావాలి" అనేవాడు. నేను బండితో పాటు వచ్చే డ్రైవర్ని.

అలా ఒక శనివారం తెల్లవారకముందే బయల్దేరి ఆయనా, మావారూ, నేనూ ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళాం. అక్కడి యూనివర్సిటీలో చదువు ముగించుకున్న కుర్రాడికి ఆయన తన గ్రూపులో ఉద్యోగం ఇప్పించాడు. గ్రీన్ కార్డ్ కాగితాలు కూడా ఆయన చేతిమీదుగానే వెళ్ళాలి. కుర్రాడి భార్యకి ఏడో నెల. ఇరవై మూడేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడేది. అంతకు ముందు రెండుసార్లు చాండ్లర్ వచ్చి మా ఇంట్లోనే దిగింది. నన్ను "అక్కా" అని పిలిచేది. సొంత చెల్లెలు లేని నాకు ఆ పిలుపు ముద్దుగా ఉండేది. పురుడు నేనే పోస్తానని మాటిచ్చాను కూడా.

సామాను ఎక్కించడం ఆయన ఆధ్వర్యంలో మొదలైంది. ఇల్లు మారేటప్పుడు కొత్తింట్లోకి ముందు దేవుడు, పాలు, ఉప్పు, పసుపు వెళ్ళాలని మనకో ఆచారం. ఆయన దాన్ని ట్రైలర్‌కి అన్వయించాడు. దేవుడి పటాలు పట్టుచీరలో చుట్టించి మొట్టమొదట ఎక్కించాడు. తలుపు వెనక ఉంది కాబట్టి ముందెక్కింది ముందు భాగానికి చేరుతుంది. "దేవుడికి ఆనుకుని ఏమీ పెట్టొద్దు" అని, ఆ చోటంతా పటాలకీ, పసుపు కుంకాలకీ, ఇత్తడి దీపాలకీ వదిలేశాడు. వెనక తలుపు దగ్గర పుస్తకాల పెట్టెలు, ఇండియానుంచి తెచ్చుకున్న రాతి గ్రైండరు, నాలుగు బియ్యం బస్తాలు, పచ్చళ్ళ జాడీలు. దిగగానే బియ్యం ముందు చేతికందాలట, వంట మొదలెట్టాలి కదా.

నేను ఉండబట్టలేక అన్నాను. "అన్నయ్యగారూ, బరువు ముందుండాలని షాపతను చెప్పాడు. గ్రైండరూ పుస్తకాలూ ముందుకి జరుపుదాం."

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని అందరి వైపూ చూశాడు. "విన్నారా? దేవుడి నెత్తిమీద రుబ్బురోలు పెడుతుందిట మా చెల్లెమ్మ!"

అందరూ పకపకా నవ్వారు. మావారు కూడా. ఆ పిల్ల నవ్వుతూనే, "వద్దులే అక్కా, అత్తయ్యగారికి తెలిస్తే చంపేస్తారు" అంది. ఈయన ఇంజనీరు. ముందు బరువైతే ఏమవుతుందో గులకరాళ్ళప్పుడు కళ్ళారా చూసినవాడు. వెనక బరువైతే ఏమవుతుందో తెలియక కాదు. నలుగురిలో నవ్వించడానికి ఓ మాట దొరికింది, వదులుకోలేకపోయాడు. అప్పుడు తాళాలు జేబులో వేసుకుని, "ఇలా అయితే నేను నడపను" అని ఉండాల్సింది. అనలేదు. తొమ్మిదికి రాహుకాలం వస్తోందని తొందర పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గొలుసులు తగిలించి, పిన్ను సరిచూసుకుని, స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

మావారూ, ఆ కుర్రాడూ వాళ్ళ కారులో ముందు వెళ్ళారు. నా బండిలో ఆయన పక్క సీట్లో, ఆ పిల్ల వెనక. వాళ్ళ కారులో ఏసీ లేదు, ఎండెక్కితే ఆమెకి కష్టమని.

ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి వెర్డే లోయలోకి రోడ్డు ఏకంగా దిగుతుంది. దిగుడు మొదలయ్యాక పెద్ద ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటి వెళ్ళింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి పక్కకి లాగింది. ఆ వెంటనే రెండో పక్కకి. నడుం పట్టుకుని ఎవరో కుదిపినట్టు బండి ఊగడం మొదలైంది. అద్దంలో ట్రైలర్ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపిస్తోంది.

గ్యాస్ మీంచి కాలు తీసేశాను. స్టీరింగ్ రెండు చేతులా నిటారుగా పట్టుకున్నాను. చేతులు కదపలేదు. నాలుగు ఊపులు ఊగింది. అయిదోది చిన్నది. ఆరోది ఇంకా చిన్నది. స్పీడు తగ్గుతోంది. "భయపడకమ్మా, తగ్గిపోతోంది" అన్నాను వెనకనున్న పిల్లతో.

సరిగ్గా అప్పుడు, "నేనున్నాగా" అంటూ ఎడంచెయ్యి చాచి, స్టీరింగ్ పట్టుకుని తన వైపు ఒక్క గుంజు గుంజాడు.

బండి కుడివైపు మళ్ళింది. ట్రైలర్ మళ్ళలేదు. వెనకనుంచి వచ్చి మమ్మల్ని ఒక్క తోపు తోసి, తిరగబడి, రోడ్డు పక్క కంకరలో పడింది. బండి రెయిలింగ్‌కి రాసుకుంటూ పోయి ఆగింది. రాతి గ్రైండరు కుండ రోడ్డు మీద దొర్లుకుంటూ వెళ్ళడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. బియ్యం ఆ వాలంతా పరుచుకున్నాయి. వెనక సీట్లో ఆ పిల్ల కడుపు రెండు చేతులా పట్టుకుని నా వైపే చూస్తోంది.

నేను నా సీటు ముందుకి వంచి ఆ పిల్లని బయటికి దింపుతున్నాను. ఆయన దిగి, బండి వెనక్కి వెళ్ళి, వంగి, ఉంగరంతో హిచ్‌ని టక్ టక్‌మని కొట్టాడు. "చూశావా? చెక్కు చెదరలేదు. గట్టిది" అన్నాడు.

అంత ఏవగింపు నా జన్మలో మరో మనిషి మీద కలగలేదు.

పోలీసు వచ్చాడు. అతను నన్ను అడిగేలోపే ఈయన ఇంగ్లీషులో అందుకున్నాడు. "షీ ఈజ్ న్యూ టు టోయింగ్, ఆఫీసర్. షీ ప్యానిక్‌డ్." మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. స్టీరింగ్ ఆయన గుంజాడని చెప్పాను. "కంగారులో ఏమన్నా అంటుంది పాపం" అన్నట్టు చెయ్యి ఊపాడు. నడిపింది నువ్వే కదా అని పోలీసు టికెట్ నా పేరు మీదే రాశాడు. ఆ పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజులు ఉంచుకుని, బిడ్డకేమీ కాలేదని పంపించారు.

చాండ్లర్ చేరేసరికి కథ మాకంటే ముందే చేరింది. మొదటి వారం, చెల్లెమ్మకి కంట్రోల్ తప్పింది. రెండో వారం, అందరూ తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, అన్నయ్యగారు స్టీరింగ్ పట్టుకోబట్టి లోయలో పడకుండా బతికారు. పోలీసు ముందు లేని చెయ్యి పదిహేను రోజుల్లో ప్రాణదాత చెయ్యి అయిపోయింది. ఇంకో కొసరు కూడా: పటాల అద్దాలు ఒక్కటి పగల్లేదు, ముందు పెట్టిన పుణ్యం! ముందు బరువు లేదు కాబట్టి పగల్లేదురా అని అరవాలనిపించేది. అరిస్తే ఆడలేక మద్దెల ఓడంటోందని నవ్వేవాళ్ళు.

ఆదివారం తెలుగు క్లాసుకి నలుగురు పిల్లల్ని నేనే నా బండిలో తీసుకెళ్ళేదాన్ని. ఒక్కొక్క తల్లీ ఫోన్ చేసింది. "మీకెందుకండీ శ్రమ, మేమే దింపుతాంలెండి." నెల తిరిగేసరికి నా వెనక సీట్లో మా అబ్బాయి ఒక్కడే మిగిలాడు. మావారు ఒక రోజు కాఫీ తాగుతూ అడిగారు. "నిజం చెప్పు, ఆయన పట్టుకోకముందే నీకు కంట్రోల్ పోయిందా?" నేను కప్పు కింద పెట్టి లేచిపోయాను. ఆ ప్రశ్న మావారు మళ్ళీ అడగలేదు. ఇంట్లో మనిషే నమ్మకపోతే ఇక ఊరి సంగతి ఎందుకు?

ఒక్క మనిషి చెబితే చాలు. ఆ పిల్ల వెనక సీట్లో ఉంది, కళ్ళు తెరుచుకునే ఉంది. కానీ ఆమె మా ఇంటికి రావడం మానేసింది. పురుటికి నన్ను పిలవలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేది. నా మీద కోపమనుకున్నాను. కడుపుతో ఉన్నదాన్ని చావు అంచుకి తీసుకెళ్ళానని నమ్ముతోంది కాబోలు, నమ్మితే తప్పేముంది అనుకున్నాను. నా బాధల్లో పెద్ద బాధ అదే.

ఆడపిల్ల పుట్టింది. అన్నప్రాసనకి వందమందిని పిలిచారు. నన్నూ పిలిచారు. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, మా బిడ్డ ప్రాణం నిలిపినవారని పట్టుబట్టలు పెట్టారు, శాలువా కప్పారు. ఆ పిల్లే బొట్టు పెట్టింది, తల ఎత్తకుండా. ఆయన బట్టల పళ్ళెం అందుకుని, "నాదేముందమ్మా, సమయానికి అక్కడున్నాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా విస్తరిలో పాయసం అలాగే వదిలేసి వచ్చాను.

ఎనభైల చివర ఆయన గుండెపోటుతో పోయాడు. వార్త విన్నప్పుడు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఇక ఈ జన్మకి ఒప్పుకోడు కదా అనిపించింది, అంతే.

పదకొండో రోజు వాళ్ళింట్లో అందరం కూడాం. హాల్లో ఒక్కొక్కరే లేచి ఆయన గురించి నాలుగు మాటలు చెబుతున్నారు. ఎయిర్‌పోర్టులు, అన్నాలు, సాయాలు. ఆ కుర్రాడు లేచాడు. అప్పటికి తనే మేనేజరు. "ఆ రోజు ఆయన చెయ్యి లేకపోతే మా పాప లేదు" అన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఒకరిద్దరు నా వైపు చూసి చూడనట్టు తల తిప్పుకున్నారు. నేను ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళాను.

సింకు దగ్గర నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆ పిల్లే.

"అక్కా" అంది. అయిదేళ్ళ తర్వాత విన్నాను ఆ మాట. "నేను చూశానక్కా."

"ఏం చూశావు?"

"అంతా. ట్రైలర్ ఊగడం తగ్గిపోతోంది. మీరు భయపడకమ్మా అన్నారు. తర్వాతే ఆయన లాగారు. లాగకపోతే ఏమీ అయ్యేది కాదు."

నా చేతిలో కప్పు జారి సింకులో పడింది. పగల్లేదు. నీళ్ళు కట్టేశాను. "మరి ఎందుకు చెప్పలేదే?"

"గ్రీన్ కార్డ్ పేపర్స్ ఆయన దగ్గరే ఉన్నాయి కదక్కా. మావారు నోరెత్తొద్దన్నారు."

"గ్రీన్ కార్డ్ వచ్చి మూడేళ్ళయింది కదా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "అప్పటికి బట్టలు కూడా పెట్టేశాం కదక్కా. నలుగురిలో అలా పెట్టాక, మళ్ళీ అబద్ధమని ఎలా చెప్పను?"

ఆయన మీద కలిగిన రోతకి నేను అలవాటు పడ్డాను, ఇది కొత్తది. ఆయనకి బుద్ధి లేదు. ఈ పిల్లకి ఉంది. తెలిసి, రోజూ తెలిసి, నా ఎదుటే తల తిప్పుకుని నడిచిపోయింది. ఆమెకి నామీద కోపమని అయిదేళ్ళు నన్ను నేను తిట్టుకున్నది దీనికా?

"సరే, ఇప్పుడు హాల్లోకి వెళ్ళి చెప్పు" అన్నాను.

"ఇప్పుడా? పోయినాయన గురించా? వాళ్ళావిడగారు అక్కడే కూర్చున్నారక్కా..."

అంతలో వాళ్ళ పాప వంటింట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది. హాల్లో విన్నది ఇంకా మెదులుతున్నట్టుంది. "ఆంటీ, యు క్రాష్‌డ్ ద కార్? మీరు నన్ను క్రాష్ చేసింది?" అంది.

తల్లి వైపు చూశాను. తల్లి తడిబట్ట తీసుకుని, శుభ్రంగానే ఉన్న గట్టుని తుడవడం మొదలుపెట్టింది.

నేను ఆ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిల్లకి అర్థం కావాలని ఇంగ్లీషులోనే, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. లేదమ్మా, నేను సరిగ్గానే నడిపాను. కారు ఆగిపోతోంది. అంకుల్ స్టీరింగ్ లాగారు, అప్పుడు పడ్డాం. మీ అమ్మ వెనక కూర్చుని చూసింది. నువ్వు అమ్మ పొట్టలో ఉన్నావు.

పాప తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఈజ్ ఇట్ ట్రూ?"

తల్లి చెయ్యి గట్టు మీద ఆగింది. హాల్లోంచి ఆమె భర్త గొంతు వినిపిస్తోంది, ఇంకా ఆయన గుణగణాలే. ఆమె ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. తర్వాత కూతురి వైపు చూసి, అవునని తల ఊపింది.

అయిదేళ్ళకి నాకు దక్కింది అదొక్కటే. అయిదేళ్ళ పిల్ల చూసింది, నేను చూశాను. తల ఊపితే హాల్లోకి వినపడదు.